వాయిదాల మీద కొన్న నాదం: చవక గిటార్ల చరిత్ర

1

ఎలక్ట్రిక్ గిటార్ అనగానే మనలో చాలామందికి 1970ల నాటి సినిమా క్లబ్బు పాట కళ్ళముందు కదులుతుంది. రంగుదీపాలు, మద్యం సీసాలు, మధ్యలో తళతళ మెరిసే గిటార్. తెరమీద దాన్ని ధనికుల విలాసానికి గుర్తుగా అన్నిసార్లు చూశాం కాబట్టి, ఆ వాద్యం గురించి ఏదైనా చెప్పవలసి వచ్చినప్పుడు 'విదేశీ సంస్కృతి', 'విలాస వస్తువు' అనే రెండు మాటలతో సరిపెట్టుకోవడం మనకు అలవాటైంది.

ఈ తీర్పులో ఒక ప్రాథమికమైన ప్రశ్న లోపించింది. ఆ వాద్యాన్ని కొన్నవాళ్ళు ఎవరు? ఏ డబ్బుతో, ఏ షరతుల మీద కొన్నారు? ఎన్ని గంటల కూలి దాని ఖరీదుకు సమానం? ఒక కళారూపాన్ని దాని ఇతివృత్తాన్ని బట్టి, శైలిని బట్టి అంచనా కట్టడం మనకు తెలుసు. కళాకారుడి చేతికి సాధనం ఎలా వచ్చిందో అడగడం మాత్రం తరచుగా మరచిపోతాం. సంగీత చరిత్రకారుల్లో కూడా చాలామంది ప్రసిద్ధ కళాకారుల జీవితాలను, పేరున్న కంపెనీల విజయాలను రాసినంత శ్రద్ధగా ధరల పట్టికలను చదవలేదు.

ఆ ధరల పట్టికల వైపు నుంచి చూస్తే ఎలక్ట్రిక్ గిటార్ చరిత్ర వేరుగా కనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో ప్రపంచాన్ని ఊపేసిన ఆ నాదంలో గణనీయమైన భాగం, అసలు గిటార్ కొనే స్తోమత లేనివాళ్ళు తమకు దొరికిన నాసిరకం సరుకుతో కుస్తీపట్టి తయారుచేసుకున్నది. ఆ తర్వాత మార్కెట్టు ఆ నాదాన్ని సొంతం చేసుకుని తిరిగి అమ్మింది. ఈ రెండు విషయాలనూ కలిపి పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2

గిటార్‌కు విద్యుత్తు ఎందుకు అవసరమైంది? మామూలు గిటార్ గొంతు చిన్నది. గదిలో నలుగురు కూర్చుంటే వినిపిస్తుంది. డోళ్ళు, బాకాలు మోగే బృందంలో అది మునిగిపోతుంది. అందుకని తీగల కింద అయస్కాంతం పెట్టి, దానికి సన్నని రాగితీగ చుట్టి, ఉక్కు తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చి, ఆంప్లిఫయర్ ద్వారా స్పీకర్‌లోకి పంపారు. రాగితీగ చుట్టిన ఆ అయస్కాంతాన్నే 'పికప్' అంటారు. 1930ల తొలినాళ్ళలో లాస్ ఏంజిలెస్‌లో జార్జ్ బోషాం, అడాల్ఫ్ రికెన్‌బాకర్లు ఈ సూత్రం మీద తయారుచేసిన పెనం ఆకారపు వాద్యం మార్కెట్లోకి వచ్చింది. 1936లో గిబ్సన్ కంపెనీ ఇ.ఎస్.-150 అనే గిటార్‌ను తెచ్చింది. జాజ్ వాద్యకారుడు చార్లీ క్రిస్టియన్ చేతిలో అది పేరు పొందింది. ఆంప్లిఫయర్‌తో కలిపి దాని ఖరీదు సుమారు 150 డాలర్లు.

ఈ 150 డాలర్లంటే ఏమిటో ఆనాటి కూలితో పోల్చితేగాని బోధపడదు. 1938లో అమెరికా ప్రభుత్వం మొదటిసారిగా దేశవ్యాప్తంగా కనీస వేతన చట్టం చేసింది. గంటకు 25 సెంట్లు. అంటే ఆ గిటార్ ఖరీదు 600 గంటల కూలి. తిండీ బట్టా అద్దే లేకుండా మూడు నెలలకు పైగా చేసిన చాకిరీ! అదీ చట్టం వర్తించినవాళ్ళకు. వ్యవసాయ కూలీలనూ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళనూ ఆ చట్టం మినహాయించింది. దక్షిణాది నల్లజాతి శ్రామికుల్లో అత్యధికులు సరిగ్గా ఈ రెండు పనుల్లోనే ఉన్నారు. కాబట్టి ఆ ధర వారి లెక్కలకు అందేది కాదు.

మరి వాళ్ళ దగ్గర ఉన్నదేమిటి? మిసిసిపీ పత్తి పొలాల దగ్గర పిల్లలు చీపురుకట్టకు చుట్టిన ఇనుపతీగను ఊడదీసి, ఇంటి గోడకు రెండు మేకులు కొట్టి బిగించి, తీగ కింద సీసానో డబ్బానో ఇరికించి, మరో సీసా ముక్కను తీగ మీద జరుపుతూ వాయించేవారు. 'డిడ్లీ బో' అంటారు దాన్ని. బ్లూస్ వాద్యకారుల్లో ఎందరికో తొలి పాఠశాల ఆ గోడే.

గోడ నుంచి గిటార్‌కు ఎలా చేరారో మడ్డీ వాటర్స్ తానే చెప్పాడు. పదిహేడేళ్ళ వయసులో ఇంట్లో మిగిలిన ఆఖరి గుర్రాన్ని అమ్మితే దాదాపు 15 డాలర్లు వచ్చాయి. అందులో సగం తనను పెంచిన అమ్మమ్మకిచ్చి, మిగిలినదాంట్లో రెండున్నర డాలర్లు పెట్టి స్టెల్లా అనే చవక గిటార్ కొన్నాడు. అక్కడి జనం అలాంటి గిటార్లను షికాగోలోని సియర్స్ రోబక్ కంపెనీ నుంచి టపాలో తెప్పించుకునేవారు.

ఈ టపా వ్యాపారం సంగతి కొంచెం ఆగి చూడదగ్గది. సియర్స్ కంపెనీ జాబితా పుస్తకంలో 1890ల నుంచే గిటార్లు ఉన్నాయి. 1916లో ఆ కంపెనీ షికాగోలోని హార్మనీ వాద్యాల కర్మాగారాన్నే కొనేసింది. పెద్దఎత్తున తయారీ, మధ్య దళారి లేని అమ్మకం, అందువల్ల తక్కువ ధర. వర్ణవివక్ష రాజ్యమేలుతున్న దక్షిణాదిలో ఊరి దుకాణంలో నల్లవాడు ఆఖరున నిలబడాలి, అప్పు పెడితే యజమాని చెప్పిన ధరకే కొనాలి. జాబితా పుస్తకంలో మాత్రం అచ్చయిన ధర అందరికీ ఒకటే. కంపెనీకి ఏ సామాజిక ఆదర్శాలూ లేకపోవచ్చు. సరుకు అమ్ముడుపోవడమే దానికి కావాలి. అయినా ఆ అచ్చు ధర కొనేవాడికి కొంత ఊపిరాడనిచ్చిందని చరిత్రకారులు గుర్తించారు.

3

1943లో మడ్డీ వాటర్స్ షికాగో చేరాడు. పగలు కర్మాగారంలో పని, రాత్రి పాట. దక్షిణాది పొలాల నుంచి ఉత్తరాది కర్మాగారాలకు లక్షలాది నల్లవాళ్ళు వలసపోయిన కాలమది. పొలం గట్టున వినిపించిన గిటార్ షికాగో సారాకొట్టు రొదలో వినిపించలేదు. 1944 ప్రాంతంలో మేనమామ అతనికి ఒక ఎలక్ట్రిక్ గిటార్ ఇచ్చాడు. ఢిల్లీ గద్దెలు, లండన్ సభలు చూడని ఆ చిన్న కుటుంబ సహాయం తర్వాతి సంగీత చరిత్రలో ఎంత పెద్ద సంఘటనో మనకిప్పుడు తెలుసు.

షికాగోలో మాక్స్‌వెల్ వీధి అని ఒక అంగడి ఉండేది. 1990లలో విశ్వవిద్యాలయ విస్తరణ కోసం దాన్ని ఎత్తివేశారు. పాత బట్టలు, పాత సామాన్లు, పాత వాద్యాలు అక్కడ అమ్మేవారు. ఆదివారాలు బ్లూస్ గాయకులు ఆ వీధిలో నిలబడి పాడేవారు. గిటార్ ఉన్నా కరెంటు కావాలి కదా. పక్క ఇంటివాళ్ళకు కొంత డబ్బిచ్చి, కిటికీలోంచి తీగ లాగి ఆంప్లిఫయర్ వెలిగించుకునేవారు. కరెంటు కూడా అద్దెకు తెచ్చుకున్న కళ అది.

ఎల్మోర్ జేమ్స్ మిసిసిపీలోని కాంటన్ పట్నంలో, తనకు అన్నవరసైనవాని రేడియో మరమ్మతు దుకాణంలో పనిచేశాడు. మామూలు గిటార్‌కే పికప్ బిగించుకుని, రేడియో సామానుతో ఆంప్లిఫయర్లను తనకు కావలసినట్టు మార్చుకున్నాడు. అతని గిటార్ స్వరంలోని పదునుకు పుట్టిల్లు ఆ మరమ్మతు బల్ల.

యుద్ధానంతరం చవక ఎలక్ట్రిక్ గిటార్ ఒక పరిశ్రమగా ఎదిగింది. షికాగోలోనే హార్మనీ, కే, వాల్కో కంపెనీలు ఉండేవి. ఒకే కర్మాగారంలో తయారైన గిటార్ మీద ఒక్కో దుకాణం ఒక్కో పేరు అంటించి అమ్మేది. ఈ పరిశ్రమలో అందరికంటే ఆలోచనాపరుడు న్యూజెర్సీలో డానెలెక్ట్రో కంపెనీ పెట్టిన నేథన్ డేనియల్. 1947లో కంపెనీ పెట్టి మొదట ఆంప్లిఫయర్లు, 1954 నుంచి గిటార్లు తయారుచేశాడు. వాటిలో అధికభాగం సియర్స్ కంపెనీకే, 'సిల్వర్‌టోన్' పేరుతో. గిటార్ ఒంటికి ఖరీదైన కలప వాడలేదు. మామూలు కలప చట్రం మీద పైనా కిందా చెక్కపొట్టును అదిమి చేసిన పలకలు అంటించాడు. మన ఇళ్ళల్లో బీరువా వెనక కొట్టే పలకలాంటిదే అది. పికప్ మీద తొడుగుకు ప్రత్యేకంగా అచ్చు పోయించకుండా లిప్‌స్టిక్ గొట్టాలనే వాడాడు.

1962లో సియర్స్ అమ్మిన 1448 నంబరు గిటార్‌లో మరొక ఉపాయం చేశారు. గిటార్ పెట్టే పెట్టెలోనే ఆంప్లిఫయర్, స్పీకర్ అమర్చారు. పెట్టె తెరిచి నిలబెట్టి, తీగ తగిలిస్తే వాయించవచ్చు. ధర 70 డాలర్ల లోపు. ఆనాటి కనీస వేతనం గంటకు ఒక డాలరు 15 సెంట్లు. అంటే దాదాపు 60 గంటల కూలి. 600 గంటల నుంచి 60 గంటలకు! పాతికేళ్ళలో జరిగిన ఈ మార్పును పక్కన పెట్టి 1960ల సంగీత విప్లవాన్ని కేవలం యువతరం తిరుగుబాటు మనస్తత్వంతో వివరించడం అసమగ్రం. పొలాల్లో పనిచేసేవాళ్ళు మాత్రం 1966 సవరణ దాకా ఆ వేతనానికి కూడా వెలుపలే ఉన్నారన్నది మరవరాదు.

పోలిక కోసం మరొక అంకె. 1954లో ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటార్ తెచ్చినప్పుడు దాని ధర 249 డాలర్ల 50 సెంట్లు. ఆనాటి 75 సెంట్ల కనీస వేతనంతో 330 గంటలకు పైబడిన కూలి, అంటే రెండు నెలల జీతం. పైగా ఆంప్లిఫయర్ వేరే కొనాలి. ఇవాళ మ్యూజియంల్లో కనిపించే గిటార్లు ఎక్కువగా ఈ రెండో రకానివి. కుర్రాళ్ళు మొట్టమొదట పట్టుకున్నవి ఎక్కువగా మొదటి రకానివి.

4

చవక సరుకులో లోపాలు ఉంటాయి. మెడ వంగుతుంది. తీగలు మెడకు మరీ ఎత్తుగా ఉండి వేళ్ళు కోసుకుపోతాయి. శ్రుతి బిరడాలు జారుతాయి. చిన్న ఆంప్లిఫయర్ గొంతు పెంచితే స్వరం చిరిగి బొంగురుపోతుంది. ఈ లోపాలతో వాద్యకారుడు ఏం చేశాడన్నది ఇక్కడ అసలు ప్రశ్న.

తీగలు ఎత్తుగా ఉంటే వేళ్ళతో నొక్కడం కష్టం. సీసా మెడనో లోహపు గొట్టాన్నో తీగమీద జరిపి వాయిస్తే ఆ ఎత్తే అనుకూలంగా మారుతుంది. హౌండ్ డాగ్ టేలర్ షికాగో సారాకొట్లలో ఏళ్ళతరబడి చవక జపాన్ గిటార్ మీద అలాగే వాయించాడు. ఆయన తొలి ఆల్బమ్ 1971లో గాని రాలేదు. ఆ ఒక్క ఆల్బమ్ వెలువరించడానికే అతని అభిమాని ఒకరు కొత్త రికార్డు కంపెనీ పెట్టవలసివచ్చింది.

బొంగురు స్వరం కథ ఇంకా ప్రసిద్ధం. 1951 మార్చిలో మెంఫిస్ నగరంలో 'రాకెట్ 88' పాట రికార్డు చేయడానికి ఐక్ టర్నర్ బృందం వచ్చినప్పుడు విల్లీ కిజార్ట్ ఆంప్లిఫయర్ దారిలో దెబ్బతింది. కారు మీంచి పడిందని కొందరు, వానకు తడిసిందని కొందరు చెబుతారు. బాగుచేయించే వ్యవధి లేదు, మరొకటి లేదు. స్పీకర్‌లో కాగితం కుక్కి రికార్డు చేశారు. ఆ బరబరలాడే ధ్వని పాటకే ప్రాణమైంది. 1958లో లింక్ రే తన ఆంప్లిఫయర్ స్పీకర్‌ను పెన్సిలుతో పొడిచి చిల్లులు చేశాడు. 1964లో లండన్ కుర్రవాడు డేవ్ డేవిస్ చిన్న చవక ఆంప్లిఫయర్ స్పీకర్‌ను బ్లేడుతో కోసి ఆ ధ్వనినే తెప్పించాడు. కింక్స్ బృందానికి అది తొలి ఘనవిజయం.

మొదట ప్రమాదం, తర్వాత ప్రయోగం, ఆ తర్వాత శైలి. నాలుగో మెట్టు సరుకు. 1962లో గిబ్సన్ కంపెనీ 'ఫజ్-టోన్' అనే చిన్న పెట్టెను అమ్మకానికి పెట్టింది. మంచి ఆంప్లిఫయర్‌కు దాన్ని కాలితో తొక్కి తగిలిస్తే పాడైన ఆంప్లిఫయర్‌లా మోగుతుంది! దానికి మూలం కూడా నాష్‌విల్ స్టూడియోలో చెడిపోయిన ఒక పరికరం వల్ల రికార్డయిన ధ్వనే. పేదవాడి దగ్గర దోషంగా ఉన్నది ధనికుడి దగ్గరకు వచ్చేసరికి గుణమై, దాని మీద ఒక ధర పడింది. వేళ్ళూ బ్లేడూ పెట్టి ఆ ధ్వనిని కనిపెట్టినవాళ్ళకు ఆ ధరలో వాటా లేదు.

5

సముద్రం అవతల ఇంగ్లండులో పరిస్థితి మరో రకం. యుద్ధం తర్వాత డాలర్ల కొరత వల్ల బ్రిటిష్ ప్రభుత్వం అమెరికన్ వాద్యాల దిగుమతిని కట్టడి చేసింది. 1959 దాకా అది కొనసాగింది. ఆ ఏడు గాయకుడు క్లిఫ్ రిచర్డ్ తన గిటారిస్టు హాంక్ మార్విన్ కోసం అమెరికా నుంచి తెప్పించిన స్ట్రాటోకాస్టర్ కుర్రకారుకు ఒక వింత. దుకాణాల్లో దొరికేవి పశ్చిమ జర్మనీ నుంచి హాఫ్నర్, చెకొస్లొవేకియా నుంచి ఫ్యూచరామా. సోషలిస్టు దేశపు కర్మాగారంలో తయారైన గిటార్‌ను పట్టుకుని అమెరికన్ పాటలు నేర్చుకున్న ఇంగ్లీషు కుర్రాళ్ళలో జార్జ్ హారిసన్ ఒకడు.

హారిసన్ తండ్రి లివర్‌పూల్‌లో బస్సు కండక్టరు. 1959లో ఆ ఫ్యూచరామా గిటార్‌ను హారిసన్ హెసీ దుకాణంలో వాయిదాల మీద తీసుకున్నాడు. అది వాయించడానికి ఎంత కష్టమో ఆయన తర్వాత చెప్పుకున్నాడు. జాన్ లెనన్ మొదటి గిటార్ దక్షిణాఫ్రికాలో తయారైన చవకరకం. 1959లో హాఫ్నర్ తీసుకున్నప్పుడు దుకాణం కాగితం మీద ఉన్న పేరు అతన్ని పెంచిన పెద్దమ్మ మిమీది. మైనరు కుర్రాడి సంతకానికి అప్పు పుట్టదు. వాయిదాల పద్ధతి అంటే ఇంట్లో పెద్దవాళ్ళ ఒప్పుకోలు, వారంవారం కట్టే డబ్బు, కట్టకపోతే గుమ్మంలోకి వచ్చే దుకాణంవాడు. తర్వాత బీటిల్స్ బృందానికి మేనేజరైన బ్రయన్ ఎప్‌స్టీన్ చేసిన తొలి పనుల్లో ఒకటి హెసీ దుకాణంలో వాళ్ళు పడ్డ బాకీలు తీర్చడం.

1961లో పాల్ మెకార్ట్‌నీ హాంబర్గ్‌లో వయొలిన్ ఆకారపు హాఫ్నర్ బాస్ గిటార్ కొన్నాడు. సుమారు 30 పౌండ్లు. ఫెండర్ అయితే 100 పౌండ్ల దాకా అయ్యేదని, అంత తన దగ్గర లేదని ఆయనే చెప్పాడు. పైగా ఆయనది ఎడమచేతి వాటం. రెండు పక్కలా ఒకేలా ఉండే ఆకారాన్ని తిప్పి పట్టుకున్నా ఎబ్బెట్టుగా కనిపించదు. ఆ రోజు బేరంలో కుదిరిన వస్తువు తర్వాత ఒక తరానికి చిహ్నమైంది.

దిగుమతి దారి తెరుచుకున్నాక కూడా అమెరికన్ ఆంప్లిఫయర్ల ధర సామాన్యుడికి అందలేదు. పశ్చిమ లండన్‌లోని హాన్‌వెల్‌లో వాద్యాల దుకాణం పెట్టిన జిమ్ మార్షల్, 1962లో ఇద్దరు సహచరులతో కలిసి ఫెండర్ ఆంప్లిఫయర్ నమూనాను విప్పి చూసి అలాంటిదే తయారుచేశాడు. విడిభాగాలు మాత్రం ఇంగ్లండులో దొరికేవి. భాగాలు వేరయ్యేసరికి ధ్వని వేరయింది. నకలు తీయబోయి వాళ్ళు ఒక కొత్త స్వరానికి తలుపు తీశారు.

1963లో బ్రయన్ మే అనే విద్యార్థికి స్ట్రాటోకాస్టర్ కొనే శక్తి లేదు. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన తండ్రి సాయంతో ఇంట్లోనే గిటార్ చేయడం మొదలుపెట్టాడు. మెడకు పాత ఇంటి పొయ్యిగూటి కలప, లోపల పాత బల్ల చెక్క, పాత మోటారు సైకిల్ స్ప్రింగులు, మెడమీద గుర్తులకు ముత్యపుచిప్ప గుండీలు, కంపనం చేసే కడ్డీ చివర అమ్మ అల్లికసూది మొన. రెండేళ్ళ పని, ఎనిమిది పౌండ్ల ఖర్చు. క్వీన్ బృందపు పాటల్లో వినిపించే గిటార్ ఆ బల్ల మీద చేసిందే. అదే బృందంలోని జాన్ డీకన్ 1972లో చెత్తతొట్టెలో దొరికిన సర్క్యూట్ పలకతో చేసిన చిన్న ఆంప్లిఫయర్ కూడా వాళ్ళ రికార్డుల్లో మోగింది.

6

ఇంతవరకు చదివిన పాఠకుడు ఒక నిర్ణయానికి తొందరపడే ప్రమాదం ఉంది: లేమే కళకు తల్లి, దారిద్ర్యమే ప్రతిభకు పాఠశాల! ఈ మాట వినడానికి బాగుంటుంది. ముఖ్యంగా కడుపునిండినవాళ్ళకు.

టోనీ అయోమీ సంగతి చూద్దాం. బర్మింగ్‌హామ్‌లో రేకుల కర్మాగారం కార్మికుడు. 1965లో, పదిహేడేళ్ళ వయసులో, పనిలో ఆఖరి రోజున యంత్రం అతని కుడిచేతి రెండు వేళ్ళ కొసలు కోసేసింది. ఎడమచేతి వాటం కావడంతో తీగలు నొక్కవలసింది ఆ వేళ్ళతోనే. ప్లాస్టిక్ సీసా కరగించి వేలికి తొడుగులు చేసుకున్నాడు. వాటికి తోలు అంటించాడు. నొప్పి పుట్టని సన్న తీగలు ఆ రోజుల్లో గిటార్‌కు దొరక్క బాంజో తీగలు బిగించుకున్నాడు. తర్వాత బ్లాక్ సాబత్ బృందంలో అతను వాయించిన బరువైన స్వరం నుంచి ఒక సంగీతశాఖే పుట్టింది. అందుకని ఆ యంత్రానికి కృతజ్ఞత చెప్పుకుందామా? ఆ కర్మాగారాల్లో వేళ్ళు పోగొట్టుకున్న తక్కినవాళ్ళు ఏ సంగీతాన్ని సృష్టించారో ఎవరూ రాయలేదు. గెలిచినవాడి కష్టాన్ని కష్టానికి సమర్థనగా చూపడం చరిత్ర రచన కాదు. చీపురు తీగ దగ్గరే ఆగిపోయిన పిల్లలెందరో లెక్క కట్టే పుస్తకం లేదు.

కాబట్టి మనం చెప్పవలసిన మాట ఇది. దారిద్ర్యం ఏమీ సృష్టించలేదు. దారిద్ర్యంలో ఉన్న మనుషులు సృష్టించారు. వాళ్ళ చేతికి సాధనం అందిన మేరకే సృష్టించారు. 600 గంటల ధర 60 గంటలకు దిగినప్పుడే ఆ ద్వారం వెడల్పయింది.

ద్వారం వెడల్పు కావడానికి మూల్యం ఎవరు చెల్లించారన్నది మరో ప్రశ్న. చవక అన్నది ఆకాశం నుంచి ఊడిపడదు. 1960లలో జపాన్ నుంచి టైస్కో, గుయాటోన్ వంటి చవక గిటార్లు అమెరికా దుకాణాలను నింపాయి. వాటి ముందు షికాగో కర్మాగారాలు నిలవలేకపోయాయి. 1967లో ఒకటైన కే, వాల్కోలు మరుసటి ఏడాదే కూలిపోయాయి. డానెలెక్ట్రో 1969లో మూతపడింది. 1970లలో జపాన్ కంపెనీలు అమెరికన్ గిటార్లకు అచ్చం నకళ్ళు తీయగా, 1977లో గిబ్సన్ మాతృసంస్థ ఐబనేజ్ గిటార్ల అమెరికన్ పంపిణీదారు మీద దావా వేసింది. 1982 నాటికి ఫెండర్ కంపెనీ తానే 'స్క్వయర్' పేరుతో జపాన్‌లో చవక రకాలు చేయించింది. జపాన్‌లో కూలి పెరిగితే పని కొరియాకు, అక్కడ పెరిగితే ఇండొనేషియాకు, చైనాకు తరలింది. గిటార్ వెనక కూలిరేటు పటం ఉంది.

ఆ పటంలో ఒక చోటు దక్షిణ కొరియా. పేరున్న అనేక కంపెనీలకు గిటార్లు తయారుచేసి ఇచ్చిన కోర్ట్, కోర్-టెక్ కర్మాగారాల కార్మికులను 2007లో పనిలోంచి తీసేశారు. ఉత్పత్తి విదేశాలకు తరలింది. కార్మికులు శిబిరం వేసుకుని కూర్చున్నారు, నిరాహారదీక్షలు చేశారు, తమలోనే ఒక సంగీత బృందం కట్టుకుని వీధుల్లో వాయించారు. ఏళ్ళతరబడి గిటార్లు చేసిన చేతులు గిటార్ పట్టి పాడాయి. 2019 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరేనాటికి ఆ పోరాటానికి 4,464 రోజులు. తక్కువ డబ్బుతో గిటార్ కొనే విద్యార్థి ఆ గిటార్ చేసిన కార్మికుడికి శత్రువేమీ కాదు. ఇద్దరి జేబులూ చిన్నవే. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూడకుండా మధ్యలో ధర అనే తెర దించి ఉంది.

7

చివరి అంకం విచిత్రమైనది. ఒకప్పుడు ఎవరూ కోరని గిటార్లకు ఇప్పుడు గిరాకీ. 1990లలో కర్ట్ కొబేన్ వంటివాళ్ళు పేరున్న రకాలు కొనలేక, ఫెండర్ కంపెనీ అమ్ముడుపోక వదిలేసిన జాగ్వార్, ముస్టాంగ్ రకాలను పాత సామాన్ల దుకాణాల్లో, తాకట్టు దుకాణాల్లో చవకగా పట్టుకున్నారు. తర్వాత జాక్ వైట్ 1960ల నాటి ప్లాస్టిక్ ఒంటి ఎయిర్‌లైన్ గిటార్‌తో పేరు తెచ్చుకున్నాడు. అంతే, ఆ గిటార్ల ధరలు పైకి లేచాయి. 2011లో ఫెండర్ కంపెనీ 'పాన్ షాప్' వరస అనే పేరుతో కొత్త గిటార్లు విడుదల చేసింది. అంటే తాకట్టు దుకాణం వరస! తాకట్టు పెట్టినవాడి అవసరం గుర్తుకు రాదు, ఆ దుకాణం తాలూకు శోభ మాత్రం మిగిలింది.

ఇంకా ముందే, 1990ల మధ్యలో, అదే కంపెనీ 'రెలిక్' గిటార్లను తెచ్చింది. కొత్త గిటార్‌కు పనివాళ్ళచేత రంగు గీకించి, లోహానికి తుప్పు పట్టించి, ముప్పయ్యేళ్ళు వాయించినట్టు కనిపించేలా చేసి, మామూలు కొత్త గిటార్ కంటే చాలా ఎక్కువ ధరకు అమ్మడం. ఏళ్ళతరబడి రాత్రుళ్ళు వాయించిన శ్రామికుడి చెమటకు గిటార్ మీద రంగు లేచిపోయేది. ఆ లేచిపోయిన రంగు ఇప్పుడు ధనికుడు డబ్బిచ్చి కొనుక్కునే అలంకారం. శ్రమ లేకుండా శ్రమ గుర్తును మాత్రం కొనుక్కోవడం ఇది.

8

సాహిత్యవిద్యార్థికి ఈ చరిత్రతో పనేమిటి?

మన దగ్గరా ఎన్నో చిన్న పత్రికలు సైక్లోస్టైల్ యంత్రం మీద, నాసిరకం న్యూస్‌ప్రింటు మీద వచ్చాయి. వాటిలో వచ్చిన రచనల గురించి ఎంతో చర్చించాం. ఆ కాగితం ధర ఎంత, ఆ ఖర్చు ఎవరి జీతంలోంచి వచ్చింది, నాలుగు పేజీలకు మించి వేయలేకపోవడం వల్ల కథ ఎంత పొట్టిదైంది, కవితా పాదం ఎక్కడ విరిగింది అన్నవి చర్చించామా? రూపం ఎల్లప్పుడూ కవి సంకల్పం నుంచే పుట్టదు. కొన్నిసార్లు అది జేబులోని చిల్లర నుంచి పుడుతుంది. గిటార్ చరిత్రలో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి ఉదాహరణగా తీసుకున్నాను.

విమర్శకుడు ఇక్కడ రెండు తప్పులు చేయకుండా జాగ్రత్తపడాలి. మొదటిది, సాధనం పుట్టిన దేశాన్ని చూసి, దాన్ని తెరమీద పట్టుకున్నవాడిని చూసి దాని వర్గాన్ని నిర్ణయించడం. రెండోది, లేమిని అందంగా చిత్రించి, లేమి తొలగవలసిన అవసరాన్నే మరిపించడం. ఈ రెండు తప్పులకూ విరుగుడు ఒకటే, లెక్క అడగడం. ఎన్ని గంటల కూలి? ఎవరి సంతకం మీద అప్పు? తయారుచేసిన చేతులు ఎవరివి? లాభం ఎటు పోయింది?

గుర్రం అమ్మగా వచ్చిన 15 డాలర్లలో సగం అమ్మమ్మ చేతిలో పెట్టి, మిగిలిన దాంట్లోంచి రెండున్నర డాలర్లు తీసి గిటార్ కొన్న పదిహేడేళ్ళ కుర్రవాడు ఆ లెక్క మరవలేదు. ముసలితనంలో కూడా అంకెలతో సహా చెప్పాడు. ఆయన పాటను గురించి రాసేవాళ్ళు ఆ అంకెలను కూడా రాయాలి.